ఖాళీకి పాడిన పాట

ఆదివారం మధ్యాహ్నం. బయట ఎండ కళ్ళు తెరవనివ్వడం లేదు. నాటకశాల వెనక తలుపు తోసుకుని లోపలికి రాగానే కాసేపు ఆమెకేమీ కనపడలేదు. తలుపులు మూసిన నాటకశాలకి పగలూ రాత్రీ అంటూ ఉండవు. ఎప్పుడొచ్చినా ఒకటే చీకటి, ఒకటే వాసన. తెరల్లో ఇంకిపోయిన దుమ్ము, కాలిన బల్బులు, మొహాలకి పూసే రంగు, ఎన్నేళ్ళవో చెమటలు. ఆ వాసన తగలగానే ఆమె భుజాలు వాటంతటవే వదులయ్యాయి. పుట్టింటి గుమ్మంలో ఆడపిల్లకి కలిగే నిమ్మళం ఇదేనని నలుగురూ అనగా విన్నది. ఆమె పుట్టిల్లు ఆమెకి ఏనాడూ అలాంటి నిమ్మళం ఇచ్చిన పాపాన పోలేదు.

కంపెనీలో పెద్దవాళ్ళు ఆమెని "సర్దుబాటు" అంటారు. చిన్నవాళ్ళు "సర్దుబాటక్క" అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ కొలతలు తీసుకుని కుట్టినట్టు సరిపోయింది. ముసలమ్మ వేషం వేసే ఆవిడకి జ్వరమొస్తే, "అక్క సర్దుకుంటుందిలే." మంత్రి వేషగాడు తాగి పడిపోతే మీసం అంటించి, "అక్క సర్దుకుంటుందిలే." పదహారేళ్ళ వయసులో గయ్యాళి అత్తగారి వేషంతో మొదలుపెట్టింది. ఆ తర్వాత చెలికత్తె, దొంగ, న్యాయాధికారి, పిచ్చిది, ఒక నాటకంలో గుర్రానికి వెనక సగం. తెర వెనక నుంచి పసిబిడ్డ ఏడుపు, నక్క కూత, పెళ్ళివారి పోట్లాట, అన్నీ ఒక్క గొంతుతోనే. సన్మానాలు చేసినప్పుడల్లా పెద్దమనుషులు మైకు పట్టుకుని "బహుముఖ ప్రజ్ఞాశాలి" అనేవారు. ఎక్కడ చిల్లి పడితే అక్కడ కుక్కడానికి పనికొస్తుందని ఆ మాటకి అర్థమని ఆమెకి చాలాకాలం కిందటే బోధపడింది. మగవాడు నాలుగు రకాల వేషాలు కడితే మహానటుడు. ఆడది నలభై రకాలు కడితే అతుకులగుడ్డ.

నాయిక వేషం మాత్రం ఆమెకి రాలేదు. అది యజమాని భార్యది. ఆవిడని అందరూ మేడమ్ అనేవారు. మేడమ్ నడిచొస్తుంటే హాల్లో పల్లీలు నమిలేవాళ్ళు కూడా నమలడం ఆపేవారు, అంత అందం. గొంతు మాత్రం గచ్చు మీద కుర్చీ ఈడ్చినట్టుండేది. మాటలు ఎలాగో నెట్టుకొచ్చేది. పాట దగ్గరికొచ్చేసరికి పియానో మాస్టారు తల పట్టుకునేవాడు.

యజమాని దానికో ఉపాయం కనిపెట్టాడు. పక్కతెర చాటున ఒక స్టూలు వేయించాడు. దాని మీద కూర్చుని సర్దుబాటు పాడుతుంది. వెలుగులో నిలబడి మేడమ్ పెదవులు కదుపుతుంది. ఒక ఆడదాని మొహానికి ఇంకో ఆడదాని గొంతు కలిపి కుడితే ఆయనగారికి ఒక నాయిక తయారైంది. కుట్టేముందు ఇద్దర్లో ఎవరినీ అడగలేదు. గుడ్డముక్కల్ని ఎవరైనా అడుగుతారా?

పాట మొదలయ్యే ముందు మేడమ్ కుడిభుజం కాస్త పైకి లేచేది. ఊపిరి తీసుకుంటున్నానని దానర్థం. ఇటు స్టూలు మీద ఈమె కూడా అదే క్షణంలో ఊపిరి తీసుకునేది. ఏళ్ళ తరబడి అలా ఒక్క ఊపిరి మీద బతికారిద్దరూ. మాట్లాడుకున్నది మాత్రం తక్కువ. మేడమ్ ఎప్పుడూ పుదీనా బిళ్ళ చప్పరిస్తూ ఉండేది. "పాడని గొంతుకి అంత సేవ ఎందుకో!" అని మేకప్ పిన్ని నవ్వేది. మేకప్ పిన్ని కంపెనీలో అందరికంటే పెద్దది. అందరి మొహాలూ ఆవిడ చేతికిందివే గనక ఎవరి గురించైనా ఎంతమాటైనా అనేది.

ఒకసారి తెర లేవబోతుండగా మేడమ్ స్టూలు దగ్గరికొచ్చింది. చెవి దగ్గరికి వంగి, చిన్నగా అంది.

"నాకు కలలో కూడా నీ గొంతే వస్తోంది. పొద్దున లేచి ఆయనతో మాట్లాడుతుంటే, ఈ మాట్లాడేదెవరా అనిపిస్తోంది."

వేళాకోళమనుకుని సర్దుబాటు నవ్వింది. మేడమ్ నవ్వలేదు.

వానలు మొదలైన రోజుల్లో మేడమ్ నిద్రలోనే పోయింది. గుండె అన్నారు.

కంపెనీలో ఒక పద్ధతి ఉంది. రిహార్సల్‌కి ఎవరైనా రాకపోతే వాళ్ళ చోటు ఖాళీగా వదిలేస్తారు. నేల మీద సుద్దముక్కతో గీత గీస్తారు. ఎదుటివాడు ఆ గీత వైపు చూసి తన మాట అంటాడు. రానివాళ్ళ మాటకి పట్టేంతసేపు ఆగుతాడు. మళ్ళీ తన మాట అందుకుంటాడు. ఊరెళ్ళినవాళ్ళకీ ఒంట్లో బాగాలేనివాళ్ళకీ అది సరే. పోయినవాళ్ళకి మాత్రం అలా ఆగరు. పోయినరోజే ఆ వేషం ఎవరో ఒకరికి అప్పగించేస్తారు. ఎవరూ లేకపోతే గేటు దగ్గర కాపలావాడినైనా పిలిచి ఆ మాటలు ఒకసారి చదివించేస్తారు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పరు. అదంతే.

యజమాని ఆ పద్ధతి తప్పాడు.

"అప్పుడే ఆవిడ చోట్లో ఇంకొకర్ని నిలబెడితే లోకం ఏమనుకుంటుంది? కొన్నాళ్ళు ఖాళీ వదలండి. ఆవిడ ఉన్నట్టే చెయ్యండి" అన్నాడు.

"లోకం మీదున్న బెంగలో పిసరంత పెళ్ళాం మీదుంటే ఇంకొన్నాళ్ళు బతికేది" అని పిన్ని పౌడరు డబ్బా మూత గట్టిగా నొక్కింది. "పిల్లలు కావాలని ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. నడుం పాడవుతుంది, మొహం వాడుతుంది, వద్దన్నాడు. ఇదిగో ఈ కుర్చీలోనే కూర్చుని ఏడ్చేది. నేను రంగు వేస్తుంటే కరిగిపోయేది."

అసలు సంగతి అందరికీ తెలుసు. ఆయన కొత్త మొహం కోసం వెతుకుతున్నాడు. అది దొరికేదాకా ఈ ఖాళీ.

అలా రిహార్సల్స్ సాగాయి. మేడమ్ ఉండగా మొదలుపెట్టిన కొత్త నాటకం. నాయిక ఒక పడవవాడి కూతురు, ఇరవయ్యేళ్ళది. యుద్ధానికి వెళ్ళినవాడి కోసం ఏటి ఒడ్డున ఎదురుచూస్తూ పాడుతుంది. నాయకుడి వేషం కట్టేవాణ్ణి కంపెనీలో యువరాజు అంటారు. ఇరవయ్యేళ్ళుగా యువరాజు వేషాలే కడుతున్నాడు గనక ఆ పేరు నిలిచిపోయింది. పొట్ట పెరిగింది, జుట్టు ఊడింది, విగ్గు మారింది. పాతికేళ్ళ కుర్రాడి వేషం మాత్రం మారలేదు. యువరాజు ఖాళీ గీత ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని ప్రేమ మాటలు చెప్పేవాడు. సర్దుబాటు స్టూలు మీద కూర్చుని ఆ గీతకేసి చూస్తూ పాట పాడేది.

ఎవరు నన్ను పిలిచినారు
ఏటి ఆవలి గట్టు నుండి...

"ఖాళీకి పాడకే. నా మాట విను" అంది పిన్ని ఒకరోజు.

"పాడకపోతే మాస్టారికి తాళం ఎలా కుదురుతుంది పిన్నీ?"

"తాళం మాట అలా ఉంచు. నువ్విలా దోసిళ్ళతో పోస్తుంటే అవతల పట్టుకునేవాళ్ళు లేరని నీకెవరు చెప్పారు?"

"నీ భయాలూ నువ్వూ!"

మొదట్లో యువరాజు ఆగే ఆగుడు ఒక లెక్కలో ఉండేది కాదు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. పోనుపోను కుదురుకుంది. తర్వాత మారింది. మేడమ్ ఎప్పుడూ గబగబా అనేసే మాట దగ్గర అతను చాలాసేపు ఆగాడు. ఆగి, తలూపాడు. ఇంకోరోజు విషాద ఘట్టం మధ్యలో ఫక్కున నవ్వాడు.

"ఎందుకు నవ్వావు?" అంది సర్దుబాటు.

"నేనా?" అన్నాడు. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. "నవ్వానా?"

ఆ రోజే ఇంకొకటి జరిగింది. పాట మధ్యలో ఆమెకి దగ్గొచ్చి ఆపబోయింది. ఆపేలోపు, ఊపిరి తీసుకోవాలని తను అనుకోకముందే, ఛాతీ నిండిపోయింది. పక్కవాళ్ళెవరో తీసిన ఊపిరి తన లోపలికి వచ్చినట్టు. ఎదురుగా సుద్దగీత. దాని మీద ఎవరూ లేరు.

గొంతు బాగాలేక అలా అయిందని సర్ది చెప్పుకుంది. గొంతు నిజంగానే బాగాలేదు. డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి, స్వరతంత్రుల మీద గడ్డలున్నాయంది. "ఈ నాటకమొక్కటీ అయ్యాక పాట మానెయ్యండి. మానకపోతే మాట కూడా మిగలదు" అంది.

యజమాని వెతికిన కొత్త మొహాలు ఒక్కొక్కటే వచ్చాయి. ఒకమ్మాయికి మాట తిరగలేదు. ఇంకొకమ్మాయి ఒక్కపూట గీత మీద నిలబడి, "నా మెడ మీద ఎవరో ఊపిరి వదులుతున్నారండీ" అని చెప్పి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. పోస్టర్లు అంటించేశారు. ఆఖరికి ఆయన సర్దుబాటు దగ్గరికొచ్చాడు.

"అక్కా, నువ్వే సర్దుకోవాలి."

"సర్దుకోను. వేస్తాను" అంది ఆమె. "పాట నేనే పాడతాను. వెలుగులో, నిలబడి. ఆ స్టూలు తీయించెయ్యండి."

"ఆ మాత్రం తేడాకి ఇంత కోపమెందుకక్కా?"

ఆ మాత్రం తేడా ఆయనకి చెబితే అర్థమయ్యేది కాదు. ఆమె పాడిన పాటలన్నీ జనం ఇంకొకరి పెదవుల మీద చూశారు. చిన్నప్పుడు ఆమె కూతురు బళ్ళో "ఆ పాటలు మా అమ్మే పాడుతుంది" అంటే పిల్లలంతా చుట్టూచేరి అబద్ధాలకోరు అన్నారు. పిల్ల ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఇప్పుడా పిల్లకే ఓ పాప పుట్టింది. ఇంకొక్క నాటకానికి సరిపడా గొంతు మిగిలింది. ఒక్కసారి, ఆ గొంతు తన మొహంతో జనం ముందు నిలబడాలి. కూతురు ముందు వరసలో కూర్చుని చూడాలి. ఆమె కోరిక అంతే.

ఇవాళ మొదటి ఆట. పొద్దున్నే కూతురు ఫోన్ చేసింది. "పాపకి ఒళ్ళు కాలిపోతోందమ్మా. ఇవాళ రాలేను. ఏమనుకోకు, రేపటి ఆటకి తప్పకుండా వస్తా."

"పాపని చూసుకో తల్లీ. నేనెక్కడికి పోతాను?" అంది ఆమె.

మేకప్ గదిలో పిన్ని ఆమె గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుగులోకి తిప్పింది. "ఇరవయ్యేళ్ళ పిల్లట! ఈ గీతలన్నీ పూడ్చాలంటే నేను చాలను, తాపీమేస్త్రిని పిలవాలి."

"యువరాజు పొట్ట దాచినదానివి, నా గీతలు నీకో లెక్కా?"

పిన్ని నవ్వింది గానీ నవ్వు సగంలో ఆగిపోయింది. సర్దుబాటు అప్పుడే మేడమ్ వేషం బట్టలు తల మీదుగా తొడుక్కుంటోంది. గుడ్డలోంచి చల్లని వాసన. పుదీనా బిళ్ళల వాసన.

"ఉతికించలేదా పిన్నీ?"

"రెండుసార్లు ఉతికించానే" అంది పిన్ని. ఆ తర్వాత కాటుక దిద్దింది. గీత కాస్త పక్కకి పోయింది.

మూడో గంట మోగింది. తెర లేచింది.

రంగస్థలం మీద వెలుగు నిప్పులా ఉంటుంది. దాని అవతల, మొదటి వరస దాటితే, హాలు మొత్తం ఒక నల్లటి గుంట. ఆ గుంటలోంచి దగ్గులు, కుర్చీల కిర్రులు, మనుషుల వెచ్చదనం. యజమాని మొదటి వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. చెరిపేసిన సుద్దగీత ఉండిన చోటే సర్దుబాటు నిలబడింది. మొదటి మాట అంది. బాగా అంది. మాట హాలు చివరిదాకా వెళ్ళి గోడకి తగలడం ఆమెకి వినిపించింది.

యువరాజు జవాబు చెప్పలేదు.

ఆగాడు. ఒక మాటకి పట్టేంతసేపు ఆగాడు. తర్వాత తన మాట అందుకున్నాడు. ఆమెకేసి చూడకుండా, ఆమెకి ఎడమపక్కన, ఒక అడుగు అవతలికి చూస్తూ.

మర్చిపోయాడనుకుంది. ఆ కంగారు అందరికీ ఉండేదే. రెండో మాట అంది. మళ్ళీ ఆగుడు. మళ్ళీ ఆ పక్కచూపు. ఆమె అన్న మాట ఎవరూ విననట్టు... అదే మాట ఇంకొకరు అనేదాకా ఎదురుచూస్తున్నట్టు.

తల్లి వేషం వేసే ఆవిడ లోపలినుంచి వచ్చింది. "ఎందుకమ్మా కన్నీళ్ళు?" అంటూ కూతురి తల నిమరాలి. నిమిరింది. సర్దుబాటుకి పక్కన, గాలిని... మెల్లిగా, పైనుంచి కిందికి. నిమిరిన చేతిని చటుక్కున వెనక్కి తీసుకుంది. అరచేయి చూసుకుంది.

హాల్లో జనానికి ఏ తేడా తెలియలేదు. నాటకమంటే అలాగే ఆగి ఆగి మాట్లాడతారనుకుని ఉంటారు. ఒకరిద్దరు అప్పటికే ముక్కులు చీదుతున్నారు.

పుదీనా వాసన దగ్గరికొచ్చింది.

యువరాజు ఆమె చేయి పట్టుకోవలసిన ఘట్టం వచ్చింది. పక్కగా వచ్చినప్పుడు ఆమె పెదవులు కదపకుండా గుసగుసగా అంది.

"నా వైపు చూడు."

"చూడలేను."

"ఏమొచ్చింది నీకు?"

"చూడనివ్వడం లేదు..." అతని విగ్గు కింద నుంచి చెమట ధారలుగా కారుతోంది. "నీకు కనపడటం లేదా?"

ఆమె ఎడమపక్కకి తిరిగి చూడాలనుకుంది. మెడ తిరగలేదు.

పియానో మొదలైంది.

ఇన్నాళ్ళూ స్టూలు మీద కూర్చుని విన్న స్వరాలే. ఇప్పుడు వెలుగులో నిలబడి వింటోంది. భయం కాసేపు పక్కకి తప్పుకుంది. ఎవరెటు చూస్తే నాకేం, పాట నాది, అనుకుంది. పాట మొదలుపెడితే ఈ గుంటలో ఉన్న ప్రతి మొహమూ ఇటు తిరగాల్సిందే.

ఆమె కుడిభుజం పైకి లేచింది.

ఆమె లేపలేదు.

ఊపిరి లోపలికి వచ్చింది. నోరు తెరిచింది. ఎవరు నన్ను పిలిచినారు... గొంతు హాలంతా నిండింది. తన గొంతే. ఆ చిన్న జీర, ఆ చివర విరుపు, అన్నీ తనవే. గడ్డలు లేని రోజుల నాటి గొంతు.

అది తన నోట్లోంచి రావడం లేదు.

ఎడమపక్క నుంచి వస్తోంది. ఒక అడుగు అవతల నుంచి.

గొంతు మీద చేయి వేసుకుంది. అక్కడ అదురు లేదు. మాటా లేదు, శ్రుతీ లేదు. చన్నీళ్ళు తాగి ఊరుకున్న గొంతులా నిమ్మళంగా ఉంది. నోరు మూసేసింది.

పాట ఆగలేదు.

ఏటి ఆవలి గట్టు నుండి...

ముందువరసలో ఒకావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఆవిడ చూపు సర్దుబాటు మీద లేదు. ఆ పక్కన యజమాని. ఆయన కాలు ఊపడం ఆగిపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. తర్వాత తల వంచి బూట్లకేసి చూసుకున్నాడు. అంతే, ఇంకేం చెయ్యలేదు.

అప్పుడు ఆమె పెదవులు కదలడం మొదలుపెట్టాయి. మూసుకోమన్నా మూసుకోవు. ప్రతి మాటకీ, ప్రతి సాగదీతకీ, చక్కగా, అందంగా... దారం కట్టి లాగుతున్నట్టు. ఇంకొకరి పాటకి మొహం ఇచ్చి నిలబడితే ఎలా ఉంటుందో ఆమెకి అప్పుడు తెలిసింది. లోపల ఏమీ ఉండదు. ఇల్లు అద్దెకిచ్చి వీధిలో నిలబడ్డట్టుంటుంది. మేడమ్ ఇన్నేళ్ళూ ఇలాగే నిలబడిందా?

మనలో ఒకరిది మొహం, ఒకరిది గొంతు తీసుకుని కుట్టినవాడు అదుగో, ఎదురుగానే కూర్చున్నాడు... ఆమె మనసులోనే అరిచింది. వాడి దగ్గరికి పో. వాడి గొంతు పట్టుకో. నన్నెందుకు?

ఎడమపక్క ఎవరో మెత్తగా నవ్వినట్టయింది. నిజమే, అనుకుంది. చచ్చినవాళ్ళు కూడా సర్దుకుపోయేవాళ్ళ దగ్గరికే వస్తారు కాబోలు.

పాటకి ఉన్నవి రెండు చరణాలు. రెండోది అయిపోయింది. పియానో ఆగాలి.

ఆగలేదు. మాస్టారు మొహం సున్నంలా పాలిపోయింది. వేళ్ళు వాటంతటవే పియానో మెట్ల మీద నడుస్తున్నాయి. మూడో చరణం మొదలైంది... ఎవరూ రాయని చరణం. ఒక మెట్ల ఇల్లు. ఒక ఊయల. ఊయలలో ఒళ్ళు కాలుతూ నిద్రపట్టని పసిబిడ్డ. ఎవరు జోకొడతారని అడిగింది పాట. నేను కదా, నేను కదా అని తనే జవాబు చెప్పుకుంది.

ఆ మెట్లు కూతురి ఇంటివని సర్దుబాటు గుర్తుపట్టింది. పాపకి జ్వరమని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

తెర పడింది. చప్పట్లు మాత్రం ఆగలేదు. వాన రేకుల మీద పడ్డట్టు కురుస్తూనే ఉన్నాయి. ఎవరో ఆమెని ముందుకు తోశారు. ఎవరో వెనక్కి లాగారు. పుదీనా వాసన లేదు. ఎంత వెతికినా లేదు. ఇక్కడ లేదంటే... ఎక్కడికి వెళ్ళినట్టు?

మేకప్ గదిలో పిన్ని ఆమెని కుర్చీలో కూర్చోబెట్టింది. "ఏమైందే? మాట్లాడు. ఒక్క మాట మాట్లాడు."

నోరు తెరిచింది. గాలి వచ్చింది.

"అయ్యో, గొంతు పోయిందా! డాక్టరమ్మ చెబుతూనే ఉంది... ఉండు, వేడినీళ్ళు తెస్తా. కదలకు." పిన్ని వసారాలోకి పరిగెత్తింది.

తలుపు తోసుకుని యజమాని వచ్చాడు. మొహంలో రక్తం లేదు గానీ నాలుక మాత్రం అలవాటు మర్చిపోలేదు. "బాగా సర్దుకున్నావక్కా. ఆవిడ లేని లోటే తెలియలేదు." ఆమె కళ్ళలోకి చూడకుండా అనేసి, వచ్చినంత తొందరగా వెళ్ళిపోయాడు.

గోడకి పాత ఫోన్ ఉంది. ఆమె లేచి, గోడ పట్టుకుని దాని దగ్గరికి నడిచింది. మాట రాదని తెలుసు. అయినా అవతల "హలో" అని కూతురి గొంతు వింటే చాలు, పాప ఊపిరి వింటే చాలు అనిపించింది. నంబరు నొక్కింది. అవతల రెండుసార్లు మోగింది.

"హలో?" వెనకాల పాప ఏడుస్తోంది. గుక్కపట్టి, బొంగురుపోయిన ఏడుపు.

నేనమ్మా. నోరు కదిలింది. శబ్దం రాలేదు.

"అమ్మా! అయిపోయిందా ఆట? ఎలా జరిగింది?"

గోడకి తల ఆనించింది. కళ్ళ నుంచి కాటుక కారి పెదవుల్లోకి దిగింది. ఫోన్ పెట్టేస్తుందేమో, ఎవరో తప్పు నంబరనుకుంటుందేమో అని భయపడింది.

కూతురు కాసేపు ఆగింది. తర్వాత నవ్వింది.

"నిజంగానా? అందరూ లేచి నిలబడ్డారా?"

ఆమె వేళ్ళు రిసీవరు చుట్టూ బిగుసుకున్నాయి.

"లేదమ్మా, ఇంకా తగ్గలేదు. ఎత్తుకుంటే ఏడుపు, దింపితే ఏడుపు. పొద్దున్నుంచీ కంటి మీద కునుకు లేదు దీనికి." ఆగింది. ఒక మాటకి పట్టేంతసేపు. "వద్దులే అమ్మా, అలిసిపోయి ఉంటావు... నువ్వు జోకొడితే పడుకుంటుందనుకో... అవును, నాకూ అలాగే జోకొట్టేదానివి."

వద్దు. వద్దు తల్లీ. అది నేను కాదు. రిసీవరు గోడకేసి కొట్టింది. గొంతు చించుకుంది. గరగరమని, కంకర మీద బండి లాగినట్టు ఒక చప్పుడు వచ్చింది.

"నీ పక్కన ఎవరమ్మా అది? ఎవరో ఆయాసపడుతున్నట్టుంది." ఆగింది. "ఎవరూ లేరా? నాకు బాగా వినపడుతోందే! అబ్బ, ఎంత భయంగా ఉందో ఆ చప్పుడు..."

పిన్నీ! వసారాలో ఎవరూ లేరు. దూరంగా ఎక్కడో నీళ్ళు పడుతున్న చప్పుడు.

"ఏంటీ?" కూతురు గొంతు మారింది. సంతోషమో ఆశ్చర్యమో తెలియలేదు. "కిందే ఉన్నావా? అప్పుడే ఎలా వచ్చేశావు? అవునే... మెట్ల మీద నీ పాట వినపడుతోంది. ఉండమ్మా, వస్తున్నా, వస్తున్నా."

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. దూరమవుతున్న చెప్పుల చప్పుడు. గడియ తీసిన చప్పుడు.

ఇంతసేపూ వెనకాల వినపడుతున్న పాప ఏడుపు, కత్తిరించినట్టు ఆగిపోయింది.